రిజర్వాయరు గట్టున కర్రిగాడి కాపలా

ఈ పొద్దున మా మనవరాలు డాబా మీద బట్టల తాడుకి గుడారం ఆరేసింది. సెలవులొచ్చాయి, మళ్ళీ రిజర్వాయరు గట్టుకి పోతారట, ముందు దాని ముక్కిపోయిన వాసన వదలాలట. మోకాళ్ళ ఆపరేషన్ అయినదాన్ని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ మోపుకుంటూ వడియాల చేట పట్టుకుని పైకొస్తే, ఎండంతా ఆ నీలం గుడ్డే తాగేస్తోంది. దానికి ఒక మూల జానెడు చిరుగుంది. మా అమ్మాయి దళసరి దారంతో కుట్టింది గానీ, బళ్ళో పిల్లలకి పాఠం చెప్పినంత బాగా దానికి కుట్టు రాదు. "ఈసారి బ్రూనో ఒక్కడినే తీసుకెళ్తాం అమ్మమ్మా, నువ్వూ రా" అంది మనవరాలు. బ్రూనో వీళ్ళ పెంపుడు కుక్క. రానన్నాను. ఎందుకు రావని అది అడగలేదు. అడిగితే అక్కడే చెప్పేసేదాన్ని. అడగలేదు గనక కూర్చుని రాస్తున్నాను.

ఆ గుడ్డ చింపింది కర్రిగాడు. మా జీడితోట కుక్క. ఒళ్ళంతా బొగ్గు నలుపు, అందుకే ఆ పేరు. గొలుగొండ అవతల కొండవాలున ఉంది మా తోట. మా ఆయన పోయాక ఆ తోటని నేనే చూసుకున్నాను. దానికొక చిక్కుంది. మధ్యలోంచి కాలిబాట పోతుంది, వెనక పొలాల వాళ్ళందరికీ అదే దారి. కంచె వేస్తే ఊరంతా మీదకొస్తుంది, వెయ్యకపోతే జీడిపిక్కలు పోతాయి. జీడిపండు ముగ్గితే పిక్కతో సహా తనంతట తనే నేల మీద పడుతుంది. చెట్టెక్కక్కర్లేదు, రాయి విసరక్కర్లేదు. నడుస్తూ నడుస్తూ వంగి ఒళ్ళో వేసుకుంటే అది దొంగతనమని దేవుడు కూడా అనుకోడు. అందుకని కర్రిగాడికి పిల్లప్పుడే ఒక పద్ధతి నేర్పాను. వచ్చేవాణ్ణి ఆపకూడదు. ఖాళీ చేతుల్తో పోయేవాణ్ణీ ఆపకూడదు. చేతిలోగానీ నెత్తి మీదగానీ ఏదైనా పెట్టుకుని పోతుంటే మాత్రం, నేను వచ్చి దాని మీద చెయ్యి వేసి "పోనీరా" అనేదాకా కదలనివ్వకూడదు. వాడు కరవడు. ఎదురుగా అడ్డం నిలబడతాడు. అయినా కదిలితే బట్ట అంచు పళ్ళతో పట్టుకుని మొహంలోకి చూస్తాడు, అంతే. పిక్కలేరే ఆడవాళ్ళు పొద్దువాలే వేళకి బుట్టలు పట్టుకుని వరసగా నిలబడేవారు, నేను ఒక్కో బుట్ట మీదా చెయ్యి వేసి పంపేదాన్ని. ఖాళీ అన్నం క్యారేజీ పట్టుకుపోయే రైతులు కూడా పాపం బాట మీద ఆగి నన్ను కేకేసేవారు. "నీకన్నా నీ కుక్కే నయమే తల్లీ, అది నోరెత్తదు" అనేది ఒకావిడ. నిజమే. నాకు నోరెక్కువ.

రెండేళ్ళ కిందట, ఆపరేషన్ అయ్యాక, తోటలో ఒక్కదాన్నే ఉండకూడదని డాక్టరూ మా అమ్మాయీ ఒకే మాట మీద నిలబడ్డారు. ఎరిగున్న దంపతులకి తోట కౌలుకిచ్చాం. నేను నర్సీపట్నంలో అమ్మాయి ఇంటికి రావాలి. "నానొస్తే కర్రిగాడొస్తాడు, లేకపోతే లేదు" అన్నాను. పేచీ అక్కడ మొదలైంది. వాళ్ళింట్లో అప్పటికే బ్రూనో ఉన్నాడు. గోధుమ రంగు పెద్ద కుక్క, పొట్లంలోంచి పోసిన గుళికలు తిని, ఫ్యాను కింద నాలుగు కాళ్ళూ ఆకాశానికి పెట్టుకుని పడుకునే రకం. ఎవరొచ్చినా తోక ఊపుతాడు. వాణ్ణి కుక్క అనడానికి నాకు నోరు రాదు గానీ, చెడ్డవాడు కాదు. మా అల్లుడు ఆఫీసులో పని చేసే మెత్తటి మనిషి. మెత్తగా మాట్లాడేవాళ్ళతో పోట్లాడటం నాకు చేతకాదు. "అత్తయ్యగారూ, రెండ్రోజులు రెండింటినీ ఒకసోట ఉంచి సూద్దాం. గట్టు కాడ టెంట్లేసుకునే క్యాంపుంది, కుక్కల్ని కూడా రానిస్తారు. అక్కడ మనుషుల్తో సర్దుకున్నాడంటే తిన్నగా ఇంటికే తెచ్చేద్దాం. నాది మాట" అన్నాడు. ఏడేళ్ళు తోట కాసినవాడికి ఇప్పుడు పరీక్ష పెడతారా అని ఒళ్ళు మండింది. కానీ మాట ఇచ్చాడు గదా. నోరు మూసుకుని కారెక్కాను. నోరు మూసుకోవడం నాకెంత కష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు.

కర్రిగాడు అదివరకు కారెక్కలేదు. రెండో మలుపులోనే అల్లుడి బ్యాగు మీద కక్కేశాడు. బ్రూనో కిటికీలోంచి మొహం బయటపెట్టి, గాలికి చెవులు ఊపుకుంటూ కూర్చున్నాడు. మా అమ్మాయి ముక్కు మూసుకుంది. నేను కిటికీలోంచి జీడితోటల్ని చూస్తూ, అసలు ఇల్లు వాకిలీ ఉన్నవాళ్ళు గుడ్డ కింద పడుకోవడానికి ఇంత దూరం ఎందుకు పోతారా అని ఆలోచించాను. మంచె మీద కాపలా పడుకున్నన్నాళ్ళూ ఎప్పుడు పక్కా ఇంట్లో పడుకుంటానా అనుకున్నదాన్ని నేను. కానీ చెప్పొద్దూ, గట్టు ఎక్కగానే నీళ్ళు చూసి నాకూ ప్రాణం లేచొచ్చింది. మూడు పక్కలా కొండలు, మధ్యలో కదలని నీళ్ళు, ఒడ్డున చిన్న చిన్న గుడారాలు. వాటి ముందు ఒక బోర్డు. అందరూ దాన్ని దాటుకుని పోయారు. నేను ఆగాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి గనక, ఎదురొచ్చిన బోర్డుని చదవకుండా వదలను. ఒక్కో వరసా పూర్తి చేశాను. నాలుగో వరసలో ఉంది, కుక్కలకి తాడు తియ్యకూడదని.

తాడు తీసింది నేనే. ఇది ఎవరి మీదా పెట్టను. కర్రిగాడికి పుట్టి బుద్ధెరిగాక మెడకి తాడు పడలేదు. కట్టగానే చచ్చినట్టు పక్కకి ఒరిగి పడుకున్నాడు. నీళ్ళు పెడితే ముట్టడు, పిలిస్తే చూడడు. పక్క గుడారంలో విశాఖపట్నం నుంచి వచ్చిన భార్యాభర్తలు. "అయ్యో, ఒంట్లో బాలేదాండీ?" అని ఆవిడ అడిగింది. నాకు పౌరుషం వచ్చింది. మావాడు తాడు లేకుండా ఎంత బుద్ధిగా ఉంటాడో చూపిద్దామని ముడి విప్పేశాను. ఆ సాయంత్రం నిజంగానే బుద్ధిగా ఉన్నాడు. బ్రూనో నీళ్ళలో దూకి బంతి పట్టుకొస్తుంటే, వీడు ఒడ్డున కూర్చుని ఊళ్ళో పెద్దమనిషిలా చూశాడు. బ్రూనో తడి ఒళ్ళు దులిపి మీద నీళ్ళు జల్లినా గుర్రుమనలేదు. చీకటిపడే వేళకి రెండూ ఒకే గోనెపట్టా మీద వీపులానించుకుని పడుకున్నాయి. అల్లుడు చూసి, "మంచోడే అత్తయ్యగారూ, ఊరకే భయపడ్డాం" అన్నాడు. మా అమ్మాయి కూడా, "పెరట్లో కుళాయి పక్కన సోటు సేద్దాంలే అమ్మా" అంది. నేను అటు తిరిగి నవ్వుకున్నాను. అదే నేను చేసిన రెండో తప్పు, ముందే నవ్వుకోవడం.

తెల్లారేసరికి కర్రిగాడు గుడారాలన్నిటి చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి, కాలెత్తాల్సినచోటల్లా కాలెత్తి, ఇది మా తోటే అని తీర్మానించుకున్నాడు. టిఫిన్లు తెచ్చే ఆవిడ దగ్గర్లోని ఊరామే. ఇడ్లీ గిన్నె తెచ్చినప్పుడు ఏమీ అనలేదు. తిన్నాక ఖాళీ గిన్నె నెత్తిన పెట్టుకుని పోబోతే ఎదురెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ కుడికి తిరిగితే కుడికి, ఎడమకి తిరిగితే ఎడమకి. "ఏటి నాయనా, గిన్నె నీదేటి? మీ అత్తోరిచ్చారా?" అంది ఆవిడ. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, గిన్నె మీద చెయ్యి వేసి "పోనీరా" అన్నాను. అక్కడితో అయిపోతే బాగుండును. విశాఖపట్నం ఆయన మడత కుర్చీ పట్టుకుని ఒడ్డుకి బయల్దేరాడు. లుంగీ అంచు పట్టుకున్నాడు కర్రిగాడు. ఆయన కుర్చీ ఒగ్గేసి రెండు చేతుల్తోనూ లుంగీ పట్టుకోవలసి వచ్చింది. వాళ్ళావిడ మా వైపు తిరిగి, "ఏవండీ, మీ కుక్కండీ!" అని ఒకటే కేకలు. క్యాంపు చూసుకునే అతను పరిగెత్తుకొచ్చి, "అమ్మా, బోర్డు సూడలేదేటి?" అన్నాడు. ఆ బోర్డుని నా అంత శ్రద్ధగా చూసినవాళ్ళు ఆ గట్టు మీద ఎవరూ లేరని అతనితో ఎలా చెప్పను? "బేగి సర్దేద్దాం, ఎల్లిపోదాం" అంది మా అమ్మాయి, పళ్ళ మధ్యనుంచి.

సర్దడం ఒక ఎత్తు, మొయ్యడం ఇంకో ఎత్తు. మనవరాలు గుడారం మడిచి చంకన పెట్టుకుని కారు వైపు పరిగెత్తింది. వేలాడుతున్న మూల పట్టుకున్నాడు వాడు. అది లాగింది, వాడు లాగాడు. చిరిగింది. "అమ్మా, సెప్పవేటి వాడికి!" అని మా అమ్మాయి అరిచింది. నేను కుర్చీలోంచే "పోనీరా" అన్నాను. వాడు నన్ను చూశాడు. మాట విన్నాడు గానీ చెయ్యి ఏదీ అన్నట్టు. ఏడేళ్ళు చెయ్యి వేశాకే పంపినదాన్ని, ఈ రోజు కూర్చుని మాటతో సరిపెడితే వాడెందుకు నమ్ముతాడు? లేచాను. గుడారం తట్టాను. పక్కబట్టల మూట తట్టాను. స్టవ్వు, నీళ్ళ డబ్బా, బ్రూనో గుళికల సంచి, ఆఖరికి ఆ కక్కిన బ్యాగు కూడా. మోకాళ్ళు మంట పుడుతుంటే, ఒక్కో వస్తువుకీ లేచి, తట్టి, "పోనీరా" అని, మళ్ళీ కూలబడ్డాను. "ఒరే, ఇది మన తోట కాదురా, ఒగ్గేయరా" అని బతిమాలాను, తిట్టాను, చెయ్యెత్తాను కూడా. నాకే మతి పోయిందన్నట్టు చూశాడు. బ్రూనో అరికాలికి రాయి గీసుకుందని అల్లుడు వాణ్ణి పసిపిల్లాడిలా ఎత్తుకుంటే, అల్లుడి ప్యాంటు పట్టుకున్నాడు. బ్రూనో నెత్తి మీద కూడా చెయ్యి వేసి పంపాల్సి వచ్చింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

చివరికి మిగిలింది నేను. మా అమ్మాయి వచ్చి, నా చంక కింద చెయ్యి వేసి, నడుముకి ఆనించుకుని లేవదీసింది. నాలుగడుగులు వేశామో లేదో, కర్రిగాడు ఎదురొచ్చి నిలబడ్డాడు. మా అమ్మాయి చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాడు, నావి కాదు. అది నన్ను పట్టుకుపోతోంది మరి. "ఇదేటమ్మా" అంది అది. నా గుండెల మీద నేనే చెయ్యి వేసుకుని "పోనీరా" అన్నాను. వాడు కాసేపు చూసి, కుచ్చిళ్ళు వదిలి పక్కకి తప్పుకున్నాడు.

గొలుగొండ దగ్గర పడుతుంటే అల్లుడే అన్నాడు, "మన వీధిలో స్కూలు పిల్లలు బ్యాగులేసుకుని పోతారు అత్తయ్యగారూ. గ్యాసు బండలోళ్ళు, పాలోళ్ళు..." అని ఆగిపోయాడు. తప్పు మాట్లాడితే తిట్టొచ్చు. ఒప్పు మాట్లాడినవాణ్ణి ఏం చేస్తాం? మాట తప్పాడని అనడానికి కూడా లేదు. పరీక్ష పెట్టాడు, మావాడు తప్పాడు. తప్పాడని ఎలా అనను, నేను నేర్పిందంతా అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాడు. నాకు అందరి మీదా కోపమొచ్చింది. మెత్తటి అల్లుడి మీద, గుడ్డ కింద పడుకునే సరదా మీద, బోర్డు చదివి కూడా తాడు విప్పిన నా చేతుల మీద. "తోట కాడ ఆపు బాబూ" అని నేనే అన్నాను. వాళ్ళ చేత అనిపించుకోవడం నాకిష్టం లేక.

తోట దగ్గర తలుపు తియ్యగానే కర్రిగాడు దూకేశాడు. కారు కదిలాక వెనకాల పరిగెత్తుతాడని, అద్దం దించి, గట్టిగా కసరడానికి గొంతు కూడా సవరించుకున్నాను. వాడు రాలేదు. కాలిబాట మీద ఎవరో గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తుంటే అటు పోయాడు. వాడికి పనుంది. వారం తర్వాత కౌలుకి తీసుకున్న ఆవిడ ఫోన్ చేసింది. రెండు రోజులు పాక చుట్టూ నా కోసం తిరిగాడట, మూడో రోజునుంచి బుట్ట మీద ఆవిడ చెయ్యి వేసినా ఒప్పుకుంటున్నాడట. "మంచిదేనే" అన్నాను. మంచిదే మరి, తోట బాగుండాలి గదా. ఆ పూట నాకు అన్నం సయించలేదు. కాలం అన్నీ మాన్పుతుందని అంటారు. కుక్క దగ్గర మూడు రోజుల్లో ఆ పని ముగించుకున్న కాలం, నా దగ్గరికొచ్చి రెండేళ్ళయినా ఇంకా మొదలే పెట్టలేదు.