సీసపు తలకు ఎర్ర రంగు

ధర్మవరంలో మా పక్కింటి ఆయన పట్టుచీరలు నేసేవాడు. తీరిక దొరికితే చేపల గాలాలు చేసేవాడు. గాలం మెడకు కరిగించిన సీసం పోసి, చేప తలలా చేసి, ఎర్ర రంగు వేసి, పైన వార్నిష్ పూసేవాడు. ఆరాక తడిపి, అద్దకం వేసిన పట్టును పరీక్షించినట్టు తన తెల్ల పంచె అంచుకు రుద్దేవాడు. రంగు అంటిందా, గీకేసి మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఎన్ని పూతలు పూసినా చేప పళ్లకు రంగు ఊడిపోయేది.

"ఈసారీ ఊడిందంటే నీ రంగు డబ్బాలన్నీ దిబ్బలో పారేస్తా, చూడప్పా!" అంది ఆయన భార్య.

ఈసారి వార్నిష్ మానేసి, స్పిరిట్‌లో కరిగించిన లక్క పూశాడు. కణేకల్ చెరువుకు కాలువ నీళ్లు వచ్చాయని తెలిసి ఇద్దరం బస్సెక్కాం. గాలం వేసిన కాసేపటికే దారం బిగిసింది. మూరెడు కొర్రమీను గట్టున పడింది! ఆయన దాని నోట్లోంచి గాలం లాగి, గబగబా పంచెకు రుద్దాడు.

"చేప పోతాండాది, పట్టుకోప్పా!" అని అరిచాను. అప్పటికే అది ఎగిరి నీళ్లలో పడింది.

"పోనీలేన్నా! ఈ పళ్ల గాట్లు చూడు, రంగు అట్లే ఉండాది!"

భార్యకు చూపించాలని అప్పటికప్పుడే బస్సు కోసం పరుగెత్తాడు. మిగిలిన గాలాలూ, ఆయన చెప్పులూ నేనే మోసుకొచ్చాను.