చేతులు లెక్కపెట్టిన రోజు

2014 జనవరి. సికింద్రాబాద్‌లో మా పార్టీ నగర కార్యాలయానికి నేను ఆఫీస్ సెక్రటరీని. పేరు వింటే పెద్ద పదవి అనుకుంటారు గానీ, కుర్చీలు తెప్పించడం, మైకు చూసుకోవడం, మినిట్స్ రాయడం నా పని. మినిట్స్ అంటే సభలో జరిగినదాని రికార్డు. ఇరవై ఏళ్లలో నేను సాధించిన నైపుణ్యం ఏమిటంటే, సభకు ముందురోజే ఆ మినిట్స్ టైపు చేసి పెట్టడం. ప్రతి తీర్మానం కిందా "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ఉండేది. చేతులెత్తేదీ లేదు, లెక్కపెట్టేదీ లేదు. చప్పట్లు పడితే అయిపోయినట్టే.

ఆ నెలలో యువజన విభాగం నగర మహాసభ పెట్టుకున్నాం. నాలుగు రోజుల ముందు ప్రసన్న వచ్చి నా బల్ల మీద ఒక కాగితం పెట్టింది. చిలకలగూడ అమ్మాయి, యువజన విభాగం సహాయ కార్యదర్శి, బేగంపేటలో ఒక ట్రావెల్ ఆఫీసులో ఉద్యోగం. ఓటర్ల నమోదుకు ఇల్లిల్లూ తిరగడంలో ఆమెకు సాటి లేరు.

ఆడవాళ్లు ఆడవాళ్లతో, మగవాళ్లు మగవాళ్లతో కలిసి ఉండడాన్ని నేరంగా చూసే సెక్షన్ 377ను సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టి నెల దాటింది. దాన్ని రద్దు చేయాలని మన పార్టీ పార్లమెంటులో అడగాలి. ఇదీ ఆమె తీర్మానం. కింద మూవర్, అంటే ప్రవేశపెట్టే మనిషి, అన్నచోట ఆమె పేరే ఉంది.

"నీ పేరే రాసినవేంది?" అన్నాను.

"నా సంగతే గదన్నా. ఇంకెవరి పేరు రాస్తా?" అంది. మా పార్టీలో డెబ్భై ఏళ్లాయన కూడా అన్నే.

నాకు అర్థమైంది. "ఇంట్ల ఎరుకేనా?"

"అమ్మకు ఎరుకే. నెల దినాలు మాట్లాడలే. ఇప్పుడు టిఫిన్ డబ్బా కడుతున్నది. మాటలు సుత షురూ అయితయ్ తియ్."

ఆ అమ్మాయి అంటే నాకు అభిమానం. అందుకే ఒక ఉపాయం చేశాను. తీర్మానాన్ని చిట్టచివర "ఇతర అంశాలు" కింద పెట్టాను. బిర్యానీ తిన్నాక సగం మంది వెళ్లిపోతారు, మిగిలినవాళ్లు దేనికైనా చప్పట్లు కొడతారు. మినిట్స్‌లో ఏకగ్రీవం అని కూడా ముందే టైపు చేసేశాను. సభ రోజు పొద్దున గొప్పగా ఆమెకు చూపించాను.

ఆమె ముఖం గంటు పెట్టుకుంది. "నన్ను దాచిపెట్టి గెలిపిస్తవా అన్నా? ఎవ్వరూ వినకుండ పాసైతే రేపు ఎవ్వరూ ఒప్పుకోరు. భోజనాలకు ముందు పెట్టు. చేతులు లెక్కపెట్టు."

"ఓడిపోతవ్ ప్రసన్నా. ఉన్న పదవి సుత పోతది."

"పోతే పోనీ. నా దిక్కు ఎందరున్నరో నాకు తెల్వాలె."

నాకు ఒళ్లు మండింది. మంచికి పోతే చెడు ఎదురైనట్టుంది అనుకుంటూనే వరుస మార్చాను.

ఆమె మైకు దగ్గరికి రాగానే వేదిక మీది నగర అధ్యక్షుడు అడ్డుపడ్డాడు. "రాష్ట్రం రెండైతున్నది. అసెంబ్లీల బిల్లు మీద కొట్టుకుంటున్నరు. గిప్పుడు గిదేందమ్మా?"

"రాష్ట్రం ఒకటే ఉన్నా, రెండైనా నేను ఏదో ఒకదాంట్ల ఉంటా గదన్నా," అంది ప్రసన్న. "ఏ రాష్ట్రంలున్నా నేను నేరస్తురాలినే. అందుకే అడుగుతున్న."

ముందు నవ్వారు. తర్వాత వెనక వరసలవాళ్లు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. ఆమె తన సంగతి తానే, ఏమీ దాచకుండా, ఐదు నిమిషాల్లో చెప్పింది. ఇక సెకండర్ కావాలి. బలపరిచే మనిషి లేకపోతే తీర్మానం అక్కడికక్కడే వీగిపోతుంది. ఎవరూ లేవలేదు. చివరికి మౌలాలి నుంచి వచ్చిన యాదగిరి లేచాడు. ప్రసన్న పదవి కోసం పోటీపడి ఓడినవాడు.

"నాకు ఈమెతోని పడదు. గీ ముచ్చట నాకు పూరా సమజ్ కాలే. గని జైల్ల పెట్టేటంత తప్పేం చేసింది? బలపరుస్తున్న."

నేను కుర్చీ ఎక్కి రెండుసార్లు లెక్కపెట్టాను. అనుకూలం నలభై మూడు, వ్యతిరేకం అరవై ఒకటి. ఓడిపోయింది. నాకు దుఃఖం వచ్చింది. ప్రసన్న మాత్రం నా దగ్గరికి వచ్చి, "నలభై మూడు మందా అన్నా? పొద్దున నేనొక్కదాన్నే అనుకొని బస్సెక్కిన," అంది.

"అంకెలొద్దు, చర్చించినమని రాయి," అన్నాడు అధ్యక్షుడు. నేను ఆయన మాట కాదనడం అదే మొదటిసారి. "రాసేసినన్నా," అన్నాను. అప్పటికింకా రాయలేదు. వెంటనే వెళ్లి రాశాను. ప్రసన్న పదవి జోలికి ఎవరూ రాలేదు. నలభై మూడు మందితో తగువు పెట్టుకోవడం ఎవరికైనా కష్టమే.

ఆ తర్వాతి ఆదివారం ఆఫీసుకు ఒక యువకుడు వచ్చాడు. ముఖం తెలిసిందే, పేరు తెలియదు. గుమ్మం దగ్గరే నిలబడి అడిగాడు.

"అన్నా, మొన్న సభల పక్కన మా బాబాయి కూసున్నడని వద్దన్నోళ్ల దిక్కు చెయ్యెత్తిన. మార్చుకోనీకి వస్తదా?"

"రాదు. మళ్లీ సభ దాకా ఆగాలె."

"అయితే మళ్లీ పెట్టమని ప్రసన్నక్కకు చెప్పు."

ఏకగ్రీవం అని రాసిన చోట మనసు మార్చుకోవడానికి ఎవరూ తిరిగిరారని నాకు అప్పుడు తెలిసింది. ప్రసన్నకు ఫోన్ చేశాను. ఆమె అప్పటికే కొత్త తీర్మానం రాస్తోంది.