అమ్మ ఒప్పుకున్న నేరం

తిరుపతిలో లా చదువుతున్న మా మనవరాలు మొన్న పరీక్షకని గట్టిగా వల్లె వేస్తూ, మనసులో ఎంత చెడ్డగా అనుకున్నా చెయ్యనంతవరకు అది నేరం కాదని చదివేసరికి, ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ మా అమ్మ భయం గుర్తొచ్చింది.

అవి యుద్ధం రోజులు. ఎర్ర తలపాగా పోలీసు వీధిలో కనబడితే తలుపులు మూసుకునే కాలమని నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. మా నాయన చిత్తూరులో మిషన్ బడి అయ్యవారు, పలక పట్టకముందే మాకు బైబిలు పది ఆజ్ఞలూ నోటికి వచ్చు. ఒకనాడు పక్కింటి అత్త ఎర్రరాళ్ళ కమ్మలు కనబడకుండా పోయాయి. ఇల్లిల్లూ అడుగుతూ మా గడప దగ్గరకొచ్చిన పోలీసాయన నోరు తెరిచాడో లేదో, అమ్మ "తప్పు నాదే సామీ" అనేసింది.

ఆయనకింకేం కావాలి, స్టేషనుకు పదమన్నాడు. అమ్మ కొంగు పట్టుకుని ఏడుస్తూ వెంట నడిచాను. అమ్మను జైల్లో పెడితే ఏం తింటుంది, మాకెవరు అన్నం పెడతారు అని ఒకటే భయం. కబురు తెలిసి నాయన బడి నుంచి పరుగెత్తుకొచ్చాడు.

కమ్మలు యాడ దాచినావని స్టేషనులో హెడ్ కానిస్టేబులు గద్దించాడు.

"నేను తీయలేదు సామీ. అవి నాకుంటే బాగుండునని శానాసార్లు ఆశపడినాను. పొరుగింటోళ్ళ సొత్తు మీద ఆశపడకూడదని దేవుని ఆజ్ఞ ఉండాది" అంది అమ్మ.

ఆయన పగలబడి నవ్వాడు. "ఆశపడినోళ్ళనంతా లోపలేస్తే మా ఇంటామెనే ముందు తెచ్చి ఈడ కూసోబెట్టాల. పోమ్మా, పో!"

కమ్మలు ఆ సాయంత్రమే అత్త దిండు గలేబులో దొరికాయి. పాపం ఆవిడ అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. నా భయం అంతటితో తీరింది, అమ్మకు తీరలేదు. హెడ్ కానిస్టేబులు వదిలేస్తే పైవాడు వదిలేస్తాడా అన్నది ఆమె దిగులు. తర్వాత నాయన ముచ్చటపడి ఎర్రరాళ్ళ కమ్మలే చేయించినా తాకలేదు, పోయేదాకా చెవులకు వేపపుల్లలే పెట్టుకుంది.

చెయ్యని తప్పుకు అంతగా భయపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మనవరాలు ఫోనులో ఎవరివో నగలు చూపించి, "అవ్వా, నాకూ ఇట్లాంటిదే కావాల" అంటుంది. అందులో నేరమేముంది, దాని లా పుస్తకమే నేరం కాదంటోంది కదా అని నేనూ నవ్వుతాను. అప్పుడు వీధి తలుపు ఎవరైనా తడితే మాత్రం, నాకు తెలియకుండానే దాని చెయ్యి గట్టిగా పట్టేసుకుంటాను.