మమతారాణి బయోడేటా

సుల్తానాబాద్‌లో కాన్పుల ఆసుపత్రి మూతబడ్డాక మమతారాణికి కొన్నాళ్లు ఏమీ తోచలేదు. పొద్దున్నే లేచి వంట చేసి, చీర కుచ్చిళ్లకు పిన్ను పెట్టుకొని, చెప్పుల్లో కాలు పెట్టబోయి ఆగిపోయేది. పోవడానికి చోటు లేదు. పాత బస్టాండు వెనకాల ఉన్న ఆ రెండంతస్తుల భవనాన్ని, ఆసుపత్రి నడిపిన డాక్టరమ్మ కొడుకు బేరం పెట్టాడు. కొన్నవాళ్లు అక్కడ ఫర్నిచర్ దుకాణం తెరుస్తారని ఊళ్లో అనుకుంటున్నారు.

ఆమె ఆ ఆసుపత్రిలో చేరేనాటికి కూతురు సృజనకు సరిగా మాటలు కూడా రాలేదు. ఊడ్చి తుడిచే పనికని చేరింది. ఇంటర్ దాకా చదివింది, చేయి శుభ్రం, మాట నెమ్మది. ఒకరోజు ఆయా రాకపోతే డాక్టరమ్మ ఆమెను కాన్పు గదిలోకి పిలిచి లైటు పట్టుకోమంది. రక్తం చూసి ఈమె వెనక్కి తగ్గలేదు. తర్వాత డాక్టరమ్మ గ్లవ్స్ వేసుకోవడం నేర్పింది, బీపీ చూడడం నేర్పింది, సెలైన్ పెట్టడం నేర్పింది. కొన్నేళ్లకు పురిటి బిడ్డను తుడిచి తూకం వేయడం నుంచి, పాలు పట్టడం రాని తల్లి పక్కన కూర్చొని ధైర్యం చెప్పడం దాకా అన్నీ ఆమె చేతి మీదుగానే జరిగేవి. చుట్టుపక్కల ఊళ్లలో ఆమెను నర్సమ్మ అనే పిలిచేవారు. కూరగాయలకు పోతే ఎవరో ఒకరు తమ పిల్లవాణ్ని ముందుకు తోసి, నిన్ను మొదట ఎత్తుకున్నది ఈమేరా అని చూపించేవారు.

అయితే ఆసుపత్రి కౌంటరు వెనక గోడకు ఫ్రేము కట్టి పెట్టిన రెండు నర్సింగ్ సర్టిఫికెట్లలో ఒక్కటీ ఆమెది కాదు. ఒకటి మంచిర్యాల అమ్మాయిది, ఇంకొకటి జమ్మికుంట అమ్మాయిది. రికార్డులో నర్సులు వాళ్లిద్దరే. తనిఖీకి వస్తున్నారని కబురు తెలిస్తే ఇద్దరూ తెల్ల యూనిఫాంలో వచ్చి, సాయంత్రం దాకా కూర్చొని వెళ్లిపోయేవారు. ఆ పూట మమతారాణి వెనక వంటగదిలో ఉండేది. ఇది ఎవరూ దాచిన సంగతి కాదు. ఆసుపత్రిలో అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. అందులో తనకు నష్టమేదో ఉందని ఆమెకు ఏనాడూ అనిపించలేదు. డాక్టరమ్మ మంచి మనిషి. భర్త డేవిడ్‌కు రైసుమిల్లులో బస్తా మీదపడి నడుము దెబ్బతిన్నప్పుడు స్వయంగా కరీంనగర్ తీసుకుపోయి ఎముకల డాక్టరుకు చూపించింది. అలాంటి మనిషిని నాకు కాగితం రాసివ్వండని అడగాలని ఎవరికి తోస్తుంది?

పోయిన చలికాలంలో డాక్టరమ్మ గుండె ఆగి చనిపోయింది. కొడుకు హైదరాబాదులో కళ్ల డాక్టరు. తల్లి ఆసుపత్రి నడపడం ఆయన వల్ల కాలేదు.

డేవిడ్ నడుముకు ఇప్పుడు బరువు పని పనికిరాదు. మిల్లులో వాచ్‌మన్‌గా కూర్చుంటున్నాడు. సృజన పెద్దపల్లిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. మమతారాణి జిరాక్సు సెంటరుకు పోయి బయోడేటా కావాలని అడిగింది. అతను పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, చదువు అడిగి, కిందికి అందరికీ పెట్టే మాటలే పెట్టి, హాబీల దగ్గర టీవీ చూడడం అని కొట్టి చేతికిచ్చాడు. దాన్ని పెద్దపల్లిలో తెలిసిన ఆసుపత్రులన్నిటికీ ఇచ్చి వచ్చింది. తీసుకొని సొరుగులో పడేశారు. ఒక్కరూ ఫోను చేయలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక సృజన ఆ కాగితం చూసింది. చాలాసేపు చూసి, ఇట్లా రాస్తే ఎవరు పిలుస్తారమ్మా అంది. వాళ్ల కాలేజీలో రెజ్యూమ్ ఎట్లా రాయాలో ఒక సారు వచ్చి చెప్పి పోయాడట. ఒక్క పేజీ దాటకూడదు. చదువు తక్కువైనప్పుడు పనిని పైకి తేవాలి. కష్టపడతాను, నమ్మకంగా ఉంటాను అని ఎవరైనా రాస్తారు, దాని బదులు ఏం చేశామో చెప్పాలి. ఏ ఉద్యోగానికి పంపుతున్నామో ఆ ప్రకటన ముందు పెట్టుకొని, వాళ్లకు కావలసింది మన దగ్గర ఏముందో అది కనబడేట్టు రాయాలి. అన్నిటికన్నా ముఖ్యం, అబద్ధం రాయకూడదు. ఒక్క అబద్ధం దొరికినా మిగతా నిజాల మీద కూడా నమ్మకం పోతుంది.

కరీంనగర్‌లో ఒక పెద్ద ఆసుపత్రి కొత్తగా కాన్పుల విభాగం తెరుస్తోందని, నర్సింగ్ అసిస్టెంట్లు కావాలని ప్రకటన వచ్చింది. సృజన దాన్ని ఫోనులో తెరిచి, ఒళ్లో నోటుబుక్కు పెట్టుకొని, తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నువ్వు ఏమేం చేస్తుంటివో చెప్పు."

"ఏం చేస్తుంటి బిడ్డా. డాక్టరమ్మ చెప్పింది చేస్తుంటి."

సృజన వదలలేదు. పొద్దున పోయాక మొదట ఏం చేస్తావు, తర్వాత ఏం చేస్తావు, నొప్పులతో మనిషి వస్తే ఎవరు చూస్తారు అని ఒక్కొక్కటే అడిగింది. అడిగేకొద్దీ మమతారాణికి మాటలు వచ్చాయి. చివరికి తనంత తానే, వాగు పొంగిన ఏడు సంగతి చెప్పింది. రోడ్డు మీద నీళ్లు పారుతుండడంతో డాక్టరమ్మ కరీంనగర్‌లోనే చిక్కుకుపోయింది. గర్రెపల్లి నుంచి ట్రాక్టరులో ఒకామెను తెచ్చారు. ఇంకెక్కడికీ తీసుకుపోయే దారి లేదు. డాక్టరమ్మ ఫోనులో చెబుతుంటే మమతారాణి కాన్పు చేసింది. బిడ్డ మెడకు పేగు చుట్టుకొని ఉంది. దాన్ని తప్పించానని, తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి పోయారని మామూలుగానే చెప్పింది.

సృజన రాయడం ఆపింది.

"గా రోజు నాకు యాదికున్నది. నువ్వు బడి కాడికి నన్ను తీస్కపోవ రాలే. నేను వానల తడుసుకుంట ఒక్కదాన్నే ఇంటికొచ్చిన. చాన రోజులు నీ మీద కోపమున్నది నాకు."

"నాకెందుకు చెప్పలే మరి?" అంది మమతారాణి.

"నువ్వేమన్న అడిగినవా ఎందుకు రాలేదని."

 సృజన మళ్లీ పెన్ను తీసి, రెజ్యూమ్‌లో కథలు పెట్టకూడదని సారు చెప్పాడని, అత్యవసర సమయంలో డాక్టరు సూచనల ప్రకారం పని చేసిన అనుభవం అని ఒక్క వరుసలో సరిపెట్టింది. మర్నాడు కాలేజీ కంప్యూటరులో టైపు చేసి తెచ్చింది. పేజీ నిండుగా ఉంది. మమతారాణి దాన్ని చేతిలో పట్టుకొని రెండు మూడుసార్లు చదువుకుంది. తన గురించే రాసి ఉన్నా, ఎవరో తెలిసిన పెద్దామె గురించి చదువుతున్నట్టు ఉందని డేవిడ్‌తో అంది. డేవిడ్ దాన్ని పక్కింటివాళ్లకు చూపిస్తానని పట్టుకుపోబోతే నలుగుతుందని లాక్కుంది.

అది పంపిన వారంలోనే ఫోను వచ్చింది. తల్లీ కూతుళ్లిద్దరూ కరీంనగర్ వెళ్లారు.

ఆ ఆసుపత్రిలో ఉద్యోగాలు చూసే ఆఫీసరు పేరు వినోద. మమతారాణి ఈడుదే, మర్యాదగా మాట్లాడింది. ఈమధ్య ఇంత స్పష్టంగా రాసిన రెజ్యూమ్ చూడలేదని, నర్సింగ్ చదివిన పిల్లలవి కూడా ఇట్లా ఉండవని మెచ్చుకుంది. ప్రతి వరుసా వేలుపెట్టి చదివింది. చదివాక సర్టిఫికెట్లు అడిగింది. ఇంటర్ మెమో తప్ప ఏమీ లేవని మమతారాణి చెప్పింది. వినోద కాసేపు ఆలోచించి, నర్సింగ్ అసిస్టెంటు పనికి అనుభవం ఉంటే పైవాళ్లతో మాట్లాడి చూడొచ్చునని, అయితే ఇన్నేళ్లు అక్కడ పని చేసినట్టు ఆ ఆసుపత్రి వాళ్ల నుంచి ఒక లెటరు మాత్రం తప్పకుండా కావాలని చెప్పింది. ఆ ఒక్కటి తెస్తే ఉద్యోగం వచ్చినట్టేనన్న ధైర్యంతో ఇద్దరూ బస్సెక్కారు.

డాక్టరమ్మ కొడుకు, అందరూ చిన్న డాక్టరు అనే ఆయన, భవనం అప్పగించే పని మీద ఆ వారమే సుల్తానాబాద్ వచ్చాడు. మమతారాణి సృజనను వెంటబెట్టుకొని పోయింది. కింది గదుల మధ్య గోడ అప్పటికే పడగొట్టారు. కాన్పు గది ఏదో, కౌంటరు ఏదో గుర్తుపట్టేట్టు లేదు. దుమ్ములోనే ఆయన ఒక కుర్చీ తుడిచి ఆమెను కూర్చోమన్నాడు. చిన్నప్పుడు సెలవులకు వస్తే ఆమె చేతి వంట తిన్నవాడు. విషయం విని తల దించుకున్నాడు.

"రాసియ్యలేను మమతక్కా. కాగితాల్ల నర్సులు ఇంకో ఇద్దరున్నరు. నువ్వు ఎక్కడా లేవు. వాళ్లిద్దరు మొన్ననే వచ్చి ఎక్స్‌పీరియన్స్ లెటర్లు కూడ తీస్కపోయిన్రు."

"గదంత నాకెందుకు సారూ. ఊడ్చేదాన్నని రాసియ్యున్రి, అదైన సాలు."

అదీ కుదరదన్నాడు. ఆడిటరును ముందే అడిగాడట. ఇన్నేళ్లు ఒక మనిషి పని చేసిందని రాస్తే, పీఎఫ్ ఎందుకు కట్టలేదు, పేరు ఎందుకు ఎక్కించలేదు అని మొదలవుతుంది. దాని వెనక, మరి ఆ నర్సులు ఏం చేశారన్న ప్రశ్న వస్తుంది. 

"అమ్మ పోయింది. ఇప్పుడు అమ్మ పేరు మీద మాట రావాల్నా అక్కా? నువ్వే చెప్పు, నువ్వు రాయమంటే రాస్త."

 ఆ ప్రశ్న తన మీద వేయకుండా, ఆయనే గట్టిగా కాదని పంపేసి ఉంటే బాగుండేదని మమతారాణి తర్వాత అనుకుంది. రాయమని అనడానికి నోరు రాలేదు. డాక్టరమ్మ ముఖం కళ్లముందు కదిలింది. వద్దులే సారూ అని లేచింది. ఆయన గేటు దాకా వచ్చి, ఏదైనా అవసరముంటే మొహమాటపడొద్దని చెప్పాడు.

బయటికి వచ్చాక సృజన దారి పొడవునా పోట్లాడింది. పేషెంట్లను అడిగి సాక్ష్యం రాయిద్దామంది, లేబర్ ఆఫీసులో కంప్లైంట్ ఇద్దామంది. మమతారాణి అన్నీ వింటూ నడిచింది. ఎవరి మీద కంప్లైంట్ ఇవ్వాలి, చనిపోయిన మనిషి మీదనా అని ఒక్కసారి మాత్రం అడిగింది.

లెటరు దొరకలేదని చెప్పడానికి మళ్లీ కరీంనగర్ వెళ్లారు. వినోద నిజంగానే బాధపడింది. నర్సింగ్ అసిస్టెంటు సంగతి ఇక తన చేతిలో లేదంది. పేషెంట్ల దగ్గర సాయం ఉండే ఆయా పోస్టులు కొన్ని ఉన్నాయని, వాటికి చదువూ అనుభవమూ అడగరని, ఇష్టమైతే ఈ నెలలోనే చేర్చుకుంటానని చెప్పింది. మమతారాణి సరేనంది. అప్పుడు వినోద ఆ రెజ్యూమ్ పేజీని టేబులు మీదుగా వెనక్కి జరిపింది.

"ఆయా పనికి ఇది పెట్టొద్దమ్మా. సర్టిఫికెట్ లేకుంట కాన్పు గదిల పని చేసిన అని మీరే రాసిచ్చినట్టయితది. రేపు ఏదన్న అయితే మీకూ కష్టం, మాకూ కష్టం. సాదాగ ఇంకోటి రాసి తెండ్రి."

"గా పద్దెనిమిదేండ్లు ఎటు పెట్టాలె మేడం?" అని సృజన అడిగింది.

ఇంటి దగ్గర ఉన్నానని పెడితే చాలని వినోద నెమ్మదిగా చెప్పింది.

ఆ సాయంత్రం సృజన టైపు చేయనని మొండికేసింది. అబద్ధం రాయకూడదని తనే చెప్పానని, ఇప్పుడు తన చేత్తో ఎట్లా రాస్తానని ఏడ్చింది. డేవిడ్ ఒక మూల మంచం మీద నడుముకు మందు రాసుకుంటూ ఎవరి వైపూ మాట్లాడలేదు. మిల్లులో తనకు బస్తాల పని పోయి వాచ్‌మన్‌గా కూర్చోబెట్టినప్పుడు కూడా అతను ఇట్లాగే ఊరుకున్నాడు. మమతారాణి కూతురి పక్కన కూర్చుంది.

"నేను చేయలేదని ఎవలు అంటున్నరు బిడ్డా? చేసిన. కాగితం మీద లేదంతే. రాయి. పనికి పోవాలె నేను."

సృజన ఫోనులోనే రాసింది. పేరు, వయసు, చదువు ఇంటర్. పని అనుభవం అన్న చోట ఏమీ లేదు. ఇన్నేళ్లుగా ఏం చేస్తున్నారు అన్న చోట గృహిణి అని పెట్టింది. అరపేజీ కూడా నిండలేదు. ఆ బయోడేటాకు రెండో రోజే ఫోను వచ్చింది.

చేరిన రోజు కొత్తగా వచ్చిన ఆడవాళ్లందరినీ ఒక హాలులో కూర్చోబెట్టి, చేతులు కడుక్కునే పద్ధతి, మాస్కు వేసుకునే పద్ధతి చూపించారు. చెబుతున్న నర్సు చిన్న పిల్ల, ఓపికగా చెప్పింది. ఇంతకుముందు ఆసుపత్రిలో పని చేసినవాళ్లు చేతులెత్తండని అడిగింది. ఇద్దరు ఎత్తారు. మమతారాణి ఎత్తలేదు. రక్తం చూస్తే భయపడొద్దని ఆ పిల్ల మిగిలినవాళ్లకు ధైర్యం చెబుతుంటే, అందరితో పాటు తలూపింది.

ఇప్పుడు ఆమె పని మూడో అంతస్తులో. దుప్పట్లు మార్చడం, బకెట్లు కడగడం, వీల్‌చైరు తోయడం, పిలిచిన వెంటనే పలకడం. వేళకు బస్సు దొరికితే ఎనిమిదింటికల్లా ఇల్లు చేరుతుంది. పని ఎట్లా ఉందని డేవిడ్ అడిగితే క్యాంటీను టీ బాగుంటుందని చెబుతుంది. సృజన అడగడం మానేసింది.

మొన్న ఒక మధ్యాహ్నం కారిడార్‌లో తుడుస్తుంటే, స్కానింగుకు వచ్చి బెంచీ మీద కూర్చున్న ఒక నిండు చూలాలు ఉన్నట్టుండి ఆమె చేయి పట్టుకుంది. మొదటి కాన్పట. పక్కన ఎవరూ లేరు, భర్త కింద బిల్లు కట్టడానికి పోయాడు. నొప్పి వస్తున్నదక్కా, భయమైతున్నదని గట్టిగా చేయి నొక్కింది. మమతారాణి చేయి దానంతట అదే ఆమె పొట్ట మీదికి పోబోయింది. సగంలో ఆపుకుంది. భయపడకమ్మా, నర్సు వస్తుంది అని చెప్పి, గోడకున్న బెల్లు నొక్కింది. నర్సు పరుగున వచ్చి, స్ట్రెచర్ తెప్పించి, ఆమెను లోపలికి తీసుకుపోయింది. ఆ అమ్మాయి తన చేయి వదిలేదాకా మమతారాణి కూడా స్ట్రెచర్ వెంట రెండడుగులు వేసింది. ఆయాలు లోపలికి రావొద్దని తలుపు దగ్గర చెప్పారు.

తలుపు మూసుకుంది. మమతారాణి కాసేపు అక్కడే నిలబడింది. లోపల ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు, మాటలు తెలియడం లేదు. సూపర్‌వైజర్ అటుగా వస్తూ కనబడితే, తడిగుడ్డ బకెట్లో పిండి, మిగిలిన కారిడారు తుడవడానికి వంగింది.