నువ్వుచేలో కొమ్ము పురుగులు, పిన్ని పెట్టిన గడువు

మా ఇంటి ట్యూబ్‌లైటు చుట్టూ తిరిగే మాత్‌లకు ఫోటోలు తీయడం నాకున్న పిచ్చి. సీతాకోకచిలుకలకు చుట్టాలే అయినా, చీకట్లో తిరుగుతాయి కాబట్టి వీటిని పట్టించుకునేవాళ్లు తక్కువ. నాతో స్కూల్లో పనిచేసే రమణి ఒకరోజు నా ఫోన్ చూసి, "వీటికే ఇంత సంబరమా? మా చిన్నాన్న ఖరగ్‌పూర్‌లో బకెట్టు పెట్టి మరీ పడుతున్నాడు" అంది. వేసవి సెలవులు ఎలాగూ ఉన్నాయి. విశాఖలో సాయంత్రం ఎక్కితే పొద్దున్నే దిగొచ్చు, స్లీపర్ టికెట్టు ఐదువందల లోపే. ఇంకేం, బయల్దేరాను.

ఆ రోజు ట్రాఫిక్ కాలనీలో రమణి బంధువుల ఇంట్లో ఉండి, మర్నాడు తెల్లవారుజామున నాలుగుంపావుకు పూరీ గేట్ దగ్గర టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఎక్కాను. పోనూ రానూ మూడువందలు. రమణి చిన్నాన్న సింహాచలం గారి పొలానికి అనగానే డ్రైవరు, "పోకా దేఖ్‌తే జాబెన్, దీదీ?" అన్నాడు. నాకు పోక అంటే వక్కే. "నేను వేసుకోను దాదా" అన్నాను హిందీలో. బెంగాలీలో పోకా అంటే పురుగట, పురుగులు చూడ్డానికా అని అడిగాడట! అది చెప్పి, దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

అక్కడ సూర్యుడు మనకంటే ముందే లేస్తాడు. అరగంటలో పొలం చేరేసరికి వెలుగు వచ్చేసింది. సింహాచలం బాబాయ్ గారు రైల్వేలో ముప్పై ఏళ్లు వ్యాగన్లు పరీక్షించి రిటైరయ్యారు. ఇప్పుడు కౌలుకు తీసుకున్న ఎకరంలో నువ్వులు వేశారు. చేను తెల్లగా పూసింది. గట్టు మీద బకెట్టు, దానిపైన గరాటు, ఆ పైన బల్బు. రాత్రంతా వెలుగుకి వచ్చిన మాత్‌లు బకెట్టులోకి జారి, లోపల పేర్చిన కోడిగుడ్ల అట్టల గుంటల్లో నిద్రపోతాయి. ఆ పక్కనే అరువు తెచ్చిన మందు కొట్టే పంపు, దాని పక్కన బాబాయ్ గారి భార్య అప్పలకొండ పిన్ని.

"నీ పురుగులు సూసుకోడం అయిపోతే సెప్పమ్మా, మందు కలుపుకోవాల. నిరుడు సగం సేను మోడైపోనాది. మందు వద్దన్నాడని మీ బాబాయికి ఈ పొద్దుటిదాకా గడువిచ్చినాను" అంది.

"మందు కొడితే పురుగొక్కటే సస్తాదేటి? తేనెటీగలూ సస్తాయి. ముందటేడు కొట్టినాక ఈ బకెట్టు వారం రోజులు ఖాళీ" అన్నారు బాబాయ్ గారు.

అట్టలు ఒక్కొక్కటే పైకి తీశారు. ఎండుటాకులాంటిది ఒకటి, లేత ఆకుపచ్చది ఒకటి, చిటికెన గోరంతవి బోలెడు. కరెంటు తీగ మీద పురుగుల్ని తినే పసులపోలిగాడు పిట్టలు కాచుకుని ఉన్నాయి కాబట్టి, చూసిన అట్టను చూసినట్టే పొదలో పెడుతున్నారు. చివరి అట్టలో అరచేతిలో సగం ఉన్న మాత్, వీపు మీద అచ్చం పుర్రె బొమ్మ! వేలు తగిలితే కీచుమంది. దీని కోసం ఎన్నేళ్లుగా ఎదురుచూశానో. ఫోటోల మీద ఫోటోలు తీస్తుంటే పిన్ని నెమ్మదిగా, "దీని పిల్లలేనమ్మా నా సేను తింటన్నవి" అంది. ఫోన్ లోపల పెట్టేశాను. సిగ్గేసింది.

ఆ పిల్లలు వేలంత లావు పచ్చటి గొంగళిపురుగులు, తోక మీద కొమ్ము. ఇంత పెద్దవి కదా, చేత్తో ఏరేద్దామన్నాను. ఆకుల్లో ఆకుల్లా ఉంటాయేమో, పిన్నీ నేనూ అరగంట వెతికితే దొరికినవి మూడు. బాబాయ్ గారు మాత్రం నడుం వంచి నేల చూస్తూ నడుస్తున్నారు.

"ఆకు కేసి ఏటి సూస్తారు? వ్యాగన్ కింద ఆయిల్ చుక్క పడితే, లీకు దాని పైనే ఉంటాది. ముందు కింద సూడండి."

చూస్తే, మిరియాల్లాంటి నల్లటి రెట్ట. సరిగ్గా దాని పైన ఆకు తిప్పితే పురుగు! ఆ తర్వాత పిన్నిని అందుకోవడం మా వల్ల కాలేదు. మధ్యలో ముంతెడు మరమరాలు, పచ్చిమిరపకాయ. ఎనిమిదయ్యేసరికి సగం చేను అయింది, సబ్బునీళ్ల డబ్బాలో యాభై పైనే. ఒక్కొక్కటీ వేస్తున్నప్పుడు బాధేసింది, అబద్ధం చెప్పను.

చివర్లో గోధుమరంగుకు తిరిగినదొకటి నేల మీద పాకుతుంటే పట్టుకున్నాను. పిన్ని నా చెయ్యి ఆపింది.

"దాన్ని ఒగ్గీ అమ్మా. రంగు మారిపోనాది, ఇంక తినదు. మట్టిలో దూరిపోతాది. దాని డూటీ అయిపోనాది."

"నా డూటీ కూడా అయిపోనాది గదే, నన్నెప్పుడొగ్గుతావు?" అన్నారు బాబాయ్ గారు.

"నువ్వింకా తింటన్నావు గదా!" అని, పంపు ఆయన చేతికిచ్చింది. "ఇది ఇచ్చేసి రా. మిగతా సగం రేపు సూద్దాం."

పురుగులంటే ఇష్టమని వందల మైళ్లు వెళ్లి, నా చేతులతో నేనే వాటిని చంపి వచ్చాను. కానీ నేను టోటో ఎక్కేటప్పుడు నువ్వుపూల మీద తేనెటీగలు గోల పెడుతూనే ఉన్నాయి. ఇలాంటి పొలానికి వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ముందు ఫోన్ చేసి, చేనుకు మందు కొట్టారా అని అడగండి. కొట్టేశామంటే మానుకోండి. కొట్టబోతున్నామంటే మాత్రం ఆ సాయంత్రమే రైలెక్కండి.