గోడవైపు వెలుగు

దీపాలు బిగించి బతికే ఆ మనిషిని పేటలో అందరూ చీకటి మేస్త్రి అని పిలిచేవారు. కొత్తగా విన్నవారికి అది వెటకారంలా తోచేది గానీ, ఆ పేరు ఆయన చేజేతులా తెచ్చుకున్నదే. ఏ ఇంటికి పనికి వెళ్లినా, సామాన్ల పెట్టె తెరవక ముందు దీపాలన్నీ ఆర్పించి, తలుపులు మూయించి, పని జరగవలసిన చోట కాసేపు ఊరికే కూర్చునేవాడు. "చీకటి ఇల్లంతా ఒకేలా ఉండదండీ. కొన్నిచోట్ల పలచగా ఉంటుంది, కొన్నిచోట్ల గడ్డకట్టి ఉంటుంది. అది చూసుకోకుండా దీపం పెడితే గుడ్డివాడు రాయి విసిరినట్టే" అనేవాడు.

ఈ అలవాటు మేనమామ దగ్గర అబ్బింది. ఆ మేనమామ ఒక సినిమా హాలులో వైర్‌మన్. ఆట మొదలయ్యాక వరసల మధ్య మెట్ల మీద జనం కాళ్లు ఎక్కడ తడబడుతున్నాయో చూసి, సరిగ్గా అక్కడొక చిన్న బల్బు అమర్చేవాడు. హాలు మూతపడింది, మేనమామ కాలం చేశాడు, ఆ చూపు మాత్రం మేనల్లుడికి మిగిలింది.

దయ్యాల ఊసెత్తితే మేస్త్రికి నవ్వు వచ్చేది. "ఇన్నేళ్లుగా చీకటి కొంపల్లో ఒంటరిగా కూర్చుంటున్నాను. ఒక్కటైనా పలకరించిన పాపాన పోలేదు. వాటికి వైరింగు పనులు ఉండవు కాబోలు" అనేవాడు భార్యతో.

"నీ మొహం చూసి అవే జడుసుకుని ఉంటాయి" అనేది ఆవిడ.

అటువంటి మనిషి ఒక మేడ ఇంటికి మెట్ల దీపాల పని మీద వెళ్లాడు. ఇంటాయన కాలేజీలో లెక్కలు చెప్పే లెక్చరరు. మంచివాడే గానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆయన తల్లి పై అంతస్తులో ఉంటుంది. కొంతకాలం కిందట ఆవిడ ఆ మెట్ల మీద పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పిన రోజునే ఆవిడ మంచాన్ని కింది గదిలోకి దింపించాలని కొడుకు నిశ్చయించాడు. ఆవిడ ససేమిరా అంది. ఇద్దరి మధ్యా నలిగిన కోడలు, మెట్లకు దీపాలు పెట్టించి చూద్దామని రాజీ కుదిర్చింది.

"చూడండి మేస్త్రీ," అన్నాడు లెక్చరరు మొదటి రోజే. "దీపాలు పెట్టాక మా అమ్మ నా కళ్లముందు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగాలి. ఒక్క అడుగు తడబడిందా, ఆ సాయంత్రమే మంచం కిందికి. ఇందులో మొహమాటం లేదు."

"అదేం పెద్ద పని బాబుగారూ" అన్నాడు మేస్త్రి.

పై గదిలో పెద్దావిడ ఆయనను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది. "నాయనా, నన్ను కింద పడుకోబెడితే మంచానికి అంటుకుపోతాను. పైనుంటేనే దిగాలనే పని ఒకటి ఉంటుంది. నా గది నాకుండేలా చూడు."

ఆవిడ అడిగింది దీపాలను కాదని ఆయనకు అర్థమైంది. సరేనమ్మా అన్నాడు.

అలవాటు ప్రకారం దీపాలు ఆర్పించి మెట్ల మీద కూర్చున్నాడు. పాత చెక్క మెట్లు, ఒక పక్క గోడ, మరో పక్క పట్టుకుని దిగడానికి కటకటాలు. నడుమ ఒక మలుపు, ఆ మలుపు దగ్గర చిన్న చదును. కిటికీ లేని నడవ కావడం వల్ల పగలే మసకగా ఉంది. ఆయన మలుపు కింది మెట్టు మీద కూర్చున్నాడో లేదో, వంటింట్లో గిన్నెల చప్పుడు టక్కున ఆగిపోయింది. కింది నుంచి చూస్తున్న కోడలు ఏదో అనబోయి మానుకుంది. ఆ మెట్టు మీద చీకటి మరీ చిక్కగా ఉందని ఆయనకు అనిపించింది. చీకటి అని ఆయన అనుకున్నాడు గానీ, పక్కన మనిషి కూర్చున్నప్పుడు ఆ వైపు వెలుతురు కాస్త తగ్గుతుంది చూశారా, అలాంటిది. కాస్త పక్కకు జరిగి కూర్చున్నాడు. ఎందుకు జరిగాడో తనను తాను అడగలేదు.

పని శ్రద్ధగా సాగింది. మెట్టు అంచు కింద సన్నని గాడి తొలిచి, అల్యూమినియం పట్టీలో ఎల్‌ఈడీ దీపాల వరస కూర్చి, పైన పాలరంగు మూత వేశాడు. సాధారణంగా ఇలాంటి మెట్లకు కింద ఒకటి, పైన ఒకటి సెన్సర్లు పెడితే చాలు. మనిషి అడుగు పెట్టగానే దీపాలు వరసగా వెలిగి, కాసేపటికి ఆరిపోతాయి. అయితే పెద్దావిడ నడుమ ఆగి ఊపిరి తీసుకునే మనిషి. ఆవిడ మలుపు దాటక ముందే ఆరిపోతే కొంప మునుగుతుంది. అందుకని ఏ మెట్టుకు ఆ మెట్టుకు విడిగా ఒక కన్ను అమర్చాడు. అది కదిలే ఒంటి వేడిని పసిగట్టే కన్ను. పక్క మెట్టు మీది కాలిని చూసి తొందరపడకుండా నల్ల టేపుతో గంతలు కట్టి, దాని చూపు తన మెట్టుకే కట్టడి చేశాడు.

పని చేసినన్నాళ్లూ ఒక చిన్న తికమక ఆయనను వదల్లేదు. సామాన్ల పెట్టెను మలుపు కింది మెట్టు మీద గోడవైపు పెట్టి టీకి వెళ్లేవాడు. తిరిగి వచ్చేసరికి అది కటకటాల వైపు జరిగి ఉండేది. నిండా సామాన్లున్న పెట్టె, ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. కోడలు జరిపి ఉంటుందని ఆయన అనుకున్నాడు. ఆయనే జరుపుకుంటున్నాడని కోడలు అనుకుంది.

దీపాలు వెలిగించి చూసిన సాయంత్రం అసలు చిక్కు బయటపడింది. కోడలు కింది నుంచి పైకి నడిచింది. ఆవిడ పాదాల వెంట మెట్లు ఒక్కొక్కటే తేనెరంగులో వెలిగాయి. మలుపు కింది మెట్టు మాత్రం వెలగలేదు. లెక్చరరు దిగాడు. మళ్లీ అంతే. మేస్త్రి కన్ను మార్చాడు, పట్టీ మార్చాడు, తీగల అతుకులన్నీ విప్పి మళ్లీ సీసం కరిగించి అతికాడు. మార్చిన ప్రతిసారీ కోడలు ఎక్కి చూసింది, అది వెలగలేదు. తీసిన కన్నును పక్క మెట్టుకు పెడితే అది నిక్షేపంగా పనిచేసింది. లోపం కన్నులో లేదు, మెట్టులోనే ఉంది.

"రేపు చూద్దాం బాబుగారూ" అని ఆయన పెట్టె సర్దుకుంటున్నాడు. లెక్చరరు ముందు గదిలోకి వెళ్లాడు. కోడలు వంటింట్లో ఉంది. పైన పెద్దావిడ గది తలుపు వేసి ఉంది. మెట్ల మీద ఎవరూ లేరు.

అప్పుడు మలుపు కింది మెట్టు వెలిగింది.

ఆ ఒక్కటే. పైనా కిందా చీకటి, నడుమ ఆ తేనెరంగు గీత. ఆయన చూస్తూ నిలబడ్డాడు. అది ఆరిపోవాలి, ఎదుట కదలిక లేకపోతే కాసేపటికి ఆరిపోయేలా పెట్టినది ఆయనే. ఆరలేదు. చెక్క ఒకసారి కిర్రుమంది. ఎక్కినప్పుడో దిగినప్పుడో వచ్చే చప్పుడు కాదది, కూర్చున్న మనిషి బరువు ఒక తొడ మీది నుంచి మరో తొడ మీదికి మార్చుకుంటే వచ్చే చప్పుడు.

మేస్త్రి భయపడ్డాడని అనలేం. ఆయన చేసిన పనులే అందుకు సాక్ష్యం. వంటింటి వేడిగాలి వస్తున్నదేమోనని సన్నని కాగితం ముక్క పట్టి చూశాడు; కాగితం కదల్లేదు. పిల్లి ఉందేమోనని టార్చి వేశాడు, లేదు. గోడ తడిమాడు, చల్లగా ఉంది. చివరికి తన అరచేతిని ఆ మెట్టు మీద గోడవైపు ఆనించాడు. చెక్క వెచ్చగా ఉంది. అంతవరకూ ఎవరో కూర్చుని, అప్పుడే లేచిన కుర్చీలా.

ఇంటికి వెళ్లి భార్యకు చెప్పాడు. ఆవిడ బట్టలు మడత పెడుతూనే తీర్పు ఇచ్చేసింది. "దయ్యమూ కాదు, భూతమూ కాదు. నీ అతుకులే సరిగా లేవు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది."

"మరి వెచ్చగా ఎందుకుంది?"

"చేతులు చల్లబడ్డవాడికి అన్నీ వెచ్చగానే ఉంటాయి" అంది ఆవిడ.

మర్నాడు చిక్కుముడి ఒక కొస కోడలి చేతికి చిక్కింది. మేస్త్రి తీగ చుట్ట భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే, కింద నిలబడి చూస్తున్న ఆవిడ ఉన్నట్టుండి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మేస్త్రిగారూ, మీరు కూడా దాటేస్తున్నారే!"

"ఏం దాటానమ్మా?"

"ఆ మెట్టు. దాని మీద కాలు పెట్టకుండా చదును మీదికి అంగ వేశారు. మేమందరం అలాగే వేస్తాం. నేనీ ఇంటికొచ్చిన కొత్తలో వీళ్లను చూసి నేర్చుకున్నాను, ఎవరూ చెప్పలేదు. ఆయనకైతే తను దాటుతున్నట్టే తెలీదు, కావాలంటే అడగండి."

లెక్చరరును అడిగారు. "నేనా? దాటడమేమిటి? నాన్సెన్స్" అంటూ విసురుగా మెట్లెక్కిన ఆయన, మలుపు దగ్గర ఒక కాలు గాలిలో ఉండగా అలాగే ఆగిపోయాడు. కాసేపు తన కాలిని తానే పరాయివాడి కాలిలా చూసుకున్నాడు. "నాన్న కూర్చునేవారు ఇక్కడ" అని మెల్లగా అన్నాడు. "అమ్మ పడింది కూడా ఇక్కడే. ఈ వయసులో చదును మీది నుంచి రెండు మెట్ల దూరం అంగ వేస్తే ఎవరైనా పడతారు. నాకీపాటి లెక్క తట్టలేదు."

మెట్టు ఎందుకు వెలగలేదో అలా తేలింది. ఎవరి పాదమూ పడని మెట్టు ఎవరికోసం వెలుగుతుంది? ఎవరూ లేనప్పుడు ఎందుకు వెలిగిందన్నది మాత్రం తేలలేదు. దాని గురించి లెక్చరరు అడగలేదు, మేస్త్రి చెప్పలేదు. నేరుగా పై గదికి వెళ్లాడు.

పెద్దావిడ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. జరిగిందంతా విని, ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"ఆయనకు సాయంత్రం నడక ఉండాలి. చెప్పులేసుకుని ఆ మెట్టు మీద గోడకు ఆనుకుని కూర్చునేవారు, నాకోసం. నాకేమో ఎప్పుడూ తెమలదు. తల దువ్వుకోవాలి, కళ్లజోడు కనపడదు. ఒకరోజు అలాగే ఆలస్యమైంది. దిగుతూ, 'లేవండి, పదండి' అన్నాను. పలకలేదు. అలిగారనుకుని పక్కనుంచి దాటి గుమ్మం దాకా వెళ్లిపోయాను నాయనా. అక్కడినుంచి మళ్లీ పిలిచాను." ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. "ఆ తర్వాత ఆ మెట్టు తొక్కలేకపోయాను."

"అమ్మా, ఆ కన్ను కదలని వేడిని చూడదు. ఊరికే కూర్చుంటే కాసేపటికి ఆరిపోవాలి" అన్నాడు మేస్త్రి, తనకే వింతగా తోచే గొంతుతో.

"కాలు ఆడించకుండా ఒక్క నిమిషం కూర్చోగలిగిన మనిషేనా ఆయన!" అంది పెద్దావిడ. ఆవిడ గొంతులో ఉన్నది దుఃఖం కాదు, విసుగు. భర్త మీద ఇల్లాలికి ఉండే రోజువారీ విసుగు.

మేస్త్రి ఒకసారి మెట్ల వైపు తిరిగి చూశాడు. అయినా పని పనే. కాసేపు ఆలోచించి అన్నాడు: "మెట్టు వెడల్పు బాగానే ఉందమ్మా. ఇద్దరికి సరిపోతుంది. నేను దీన్ని రెండు ముక్కలు చేస్తాను. గోడవైపు ఒక దీపం, ఒక కన్ను. కటకటాల వైపు మరొకటి. మీ సగం మీది. అక్కడ కాలు పెడితే ఎవరినీ తొక్కినట్టు కాదు. కానీ ఆయన్ను కాస్త జరగమని మీరే చెప్పాలి. నా మాట వింటారో లేదో."

ఆవిడ తల ఊపింది.

పరీక్ష నాటి సాయంత్రం లెక్చరరు కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కోడలు ఆయన వెనక ఉంది. మేస్త్రి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఇల్లంతా దీపాలు ఆర్పేశారు. పైన తలుపు తెరుచుకుంది. ఒక మెట్టు వెలిగింది, దాని కిందిది వెలిగింది. ఆవిడ చేత్తో కటకటాలను పట్టుకుని నెమ్మదిగా మలుపు దాకా వచ్చి, చదును మీద ఆగింది.

కింది మెట్టు మీద గోడవైపు సగం అప్పటికే వెలుగుతోంది.

కోడలు భర్త చొక్కా పట్టుకుంది. పెద్దావిడ ఆ వెలుగు వైపు చూసింది. పాత అలవాటు కొద్దీ ఆవిడ కాలు చాచుకుని గాలిలోకి లేచింది. మేస్త్రి కళ్లు మూసుకోబోయాడు.

"కాస్త జరగండి" అంది ఆవిడ. ఎవరితోనో కసురుకున్నట్టు, మామూలుగా.

చెక్క కిర్రుమంది. ఆవిడ కాలు వెనక్కి వచ్చి, ఆ మెట్టు మీద, కటకటాల వైపు, నిండుగా ఆనింది. రెండో సగం వెలిగింది. మెట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క గీతగా వెలిగిపోయింది. ఆవిడ అక్కడే నిలబడి ఒకసారి ఊపిరి తీసుకుంది, ఎప్పుడూ ఆగే చోటే ఆగినట్టు. తర్వాత ఏ తడబాటూ లేకుండా మిగిలిన మెట్లు దిగి, కొడుకు ఎదుట నిలబడింది.

"మంచం?" అంది.

"పైనే ఉంటుందిలే అమ్మా" అన్నాడు కొడుకు. ఆయన చూపు మాత్రం తల్లి మీద లేదు.

పెద్దావిడ గుమ్మం దాకా నడిచి, చెప్పుల్లో కాళ్లు దూర్చి, వెనక్కి తిరగకుండానే అంది: "లేవండి, పదండి."

గోడవైపు సగం ఆరిపోయింది. దాని కింది మెట్టు వెలిగింది. ఆ తర్వాత దాని కిందిది. వెలుగు ఏమాత్రం తొందర లేకుండా ఒక్కొక్క మెట్టే దిగి, చివరి మెట్టు దగ్గర ఆరింది. మేస్త్రి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. పక్కకు తప్పుకున్నాడు.

"సెన్సర్లు కాస్త చురుగ్గా ఉన్నాయి బాబుగారూ" అన్నాడు. లెక్చరరు అవునన్నట్టు తల ఊపాడు. ఇద్దరిలో ఎవరూ ఆ మాట నమ్మలేదు, కాదనడానికీ ఎవరి దగ్గరా రుజువు లేదు.

ఆ తర్వాత ఆ మెట్టు తనంతట తాను ఎన్నడూ వెలగలేదని కోడలు చెప్పింది. పెద్దావిడ పై గదిలోనే ఉంటోంది. రోజూ సాయంత్రం దిగి కాసేపు నడిచి వస్తోంది. దయ్యాల ఊసెత్తితే మేస్త్రి ఇప్పటికీ నవ్వేస్తాడు. పని మొదలుపెట్టే ముందు ఇప్పటికీ చీకట్లో కూర్చుంటాడు. కూర్చునేటప్పుడు మాత్రం, ఏ ఇంట్లోనైనా సరే, గోడవైపు ఒక మనిషికి సరిపడా చోటు వదిలి కూర్చుంటాడు.