అమ్మ దవడపన్ను పీకించిన వారం

మా అమ్మ రేవులో చేపలు కొని, గంపలో పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మేది. చిన్నతనంలో వచ్చిన కీళ్లజ్వరం ఆమె గుండె కవాటాన్ని పాడుచేసింది. నేను ఇంటర్ చదువుతుండగా ఆపరేషన్ చేసి లోహపు కవాటం వేశారు. అప్పటి నుంచి రక్తం పలచగా ఉంచే మాత్ర ఒకటి రోజూ వేసుకునేది.

తొంభైల చివర్లో ఒక వేసవిలో ఆమె కింది దవడపన్ను పుచ్చి బుగ్గ వాచింది. నాలుగు రోజులు లవంగం నొక్కిపెట్టుకుని గంప మోసింది. ఐదో రోజు ఇక ఓర్చుకోలేక, మద్దిలపాలెంలో ఉన్న పళ్ల డాక్టరమ్మ దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. బస్సు దిగగానే నా చెయ్యి పట్టుకుంది.

"గుండె ఆపరేషన్ సంగతి సెప్పకే పిల్లా. మన ఈదిలో ముసిల్ది అలాగే సెప్తే పన్ను పీకకుండా పంపీసినారు. నానీ నొప్పి తట్టుకోలేకపోతన్నాను."

సరేనని తలూపాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. అమ్మ మందుల చీటీలన్నీ చదివి చెప్పేది నేనే. అయినా తలూపాను.

డాక్టరమ్మకు యాభై ఏళ్లుంటాయి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. బీపీ ఉందా, షుగరుందా, గుండె జబ్బుందా, రోజూ ఏమైనా మాత్రలు వేసుకుంటారా అని ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ అమ్మ "ఏటీ లేవమ్మా" అనే చెప్పింది. నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను.

ఆవిడ సిరంజిలోకి మత్తుమందు ఎక్కించి, అమ్మ మీదికి వంగి, అలాగే ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఫ్యాను ఆపమంది.

"అమ్మా, మీ చేతికి వాచీ లేదు. మరి ఈ టిక్కుటిక్కుమనే చప్పుడు ఎక్కడిది?"

అది కవాటం చప్పుడు. ఇంట్లో మాకు ఎంత అలవాటైందంటే, అసలు వినిపించడమే మానేసింది. అమ్మ కళ్లు మూసుకుంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అంతా చెప్పేశాను.

తిడుతుందనుకున్నాను. ఆవిడ సిరంజి పక్కన పెట్టి, స్టూలు లాక్కుని అమ్మకు ఎదురుగా కూర్చుంది.

"ఇవాళ పీకనమ్మా. పీకితే రక్తం ఆగకపోవచ్చు. పంటిలో ఉన్న చీము రక్తంలో కలిసి ఆ కవాటానికి పట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అన్నీ చూసుకుని ఈ వారంలో నేనే పీకుతాను. తిప్పి పంపించెయ్యను."

"అయితే ఆ మాత్ర మానీమంటారేటి?"

"మీ అంతట మీరు ఒక్క పూట కూడా మానకండి. కవాటం దగ్గర రక్తం గడ్డకడుతుంది."

మా ముందే గుండె డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడింది. వాపు తగ్గడానికి మందు రాసింది. అమ్మ దుకాణంలో కొనుక్కున్న నొప్పి మాత్రలు చూసి, అవి రక్తస్రావాన్ని పెంచే రకమని తీసేసి వేరేవి ఇచ్చింది. పన్ను పీకే ముందురోజు రక్తం ఎంత పలచగా ఉందో పరీక్ష చేయించుకుని కాగితం తెమ్మంది.

పీకే రోజు అందరికంటే ముందు, పొద్దున్నే రమ్మంది. రక్తం కారినా చూసుకోవడానికి పగలంతా ఉంటుందని చెప్పింది. పరీక్ష కాగితం చూశాక, కవాటానికి సూక్ష్మక్రిములు పట్టకుండా ఉండే మాత్రలు తన కళ్లముందే మింగించి, గంటసేపు కూర్చోబెట్టింది. తర్వాత మత్తు ఇంజెక్షన్ నెమ్మదిగా, కొంచెం కొంచెంగా ఇచ్చింది. పెదవి మొద్దుబారిందో లేదో సూదితో తాకి చూసింది. పన్ను ఊడొచ్చిన సంగతే అమ్మకు తెలియలేదు.

రెండు కుట్లు వేసి, గాజుగుడ్డ మడిచి గట్టిగా కొరికిపట్టమంది. అరగంటకు చూస్తే అది ఎర్రగా తడిసిపోయి ఉంది. ఆవిడ మందులో తడిపిన కొత్త గుడ్డ పెట్టి, తన వేలితోనే అదిమిపట్టి కూర్చుంది. బయట బెంచీ మీద జనం ఎదురుచూస్తున్నారు. ఆవిడ లేవలేదు. మధ్యాహ్నానికి రక్తం ఆగింది. ఆగాక కూడా ఇంకో రెండు గంటలు మమ్మల్ని కదలనివ్వలేదు.

"ఇవాళ పుక్కిలించకండి, ఉమ్మకండి. గంజి చల్లార్చి తాగండి," అని, నన్ను గుమ్మం దాకా పిలిచింది. "భయపడి దాచారు, నాకర్థమైంది. ఇకమీద ఎక్కడికెళ్లినా ముందు నువ్వే చెప్పు," అంది. ఆ మాటలో కోపం ఇసుమంతైనా లేదు. బస్సులో ఇంటికొచ్చే దారంతా అమ్మ నా భుజం మీద తల ఆనించి నిద్రపోయింది.

వారం తర్వాత కుట్లు విప్పించుకోవడానికి వెళ్తూ అమ్మ ఒక పెద్ద వంజరం చేపను శుభ్రం చేసి పట్టుకెళ్లింది. డాక్టరమ్మ రెండు చేతులా అందుకుంది. వాళ్లింట్లో చేపలు ముట్టుకోరని అక్కడి కాంపౌండరు బయట నాతో చెప్పాడు. ఆ మాట చెబితే అమ్మ కుట్లు విప్పిన చోటు నొప్పెట్టేదాకా నవ్వింది.

"ఓలమ్మా! ఒక్క మాటైనా అన్లేదు సూడే!"

అమ్మ ఆ తర్వాత పదేళ్లు బతికింది. ఆ పదేళ్లలో ఒక్క వేసవి కూడా తప్పకుండా ఆ గుమ్మంలోకి మామిడిపళ్లు తీసుకెళ్లింది.